నగ్గర్‌లో రోరిక్ వేడుక: బొమ్మకు చట్టం ఉంది, కొండకు ఎవరున్నారు?

హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లూ లోయలో, బియాస్ నదికి ఎడమ గట్టున, నగ్గర్ అనే ఊరు ఉంది. ఊరికి పైన దేవదారు చెట్ల మధ్య, కొండ వాలులో ఒక పెద్ద బండరాయి కనిపిస్తుంది. దాని మీద చెక్కిన హిందీ మాటల సారాంశం ఇది: భారతదేశానికి గొప్ప మిత్రుడైన మహర్షి నికొలస్ రోరిక్‌కు విక్రమ శకం 2004, మఘర్ (మార్గశిర) నెల 30న, అంటే 1947 డిసెంబరు 15న, ఈ చోటనే అగ్నిసంస్కారం జరిగింది. చివర ‘ఓం రామ్’ అని ఉంటుంది.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఒక చిత్రకారుడి చావు, కొండ జనం వాడే నెలల లెక్కలో, వాళ్ళు తలుచుకునే దేవుడి పేరుతో నమోదై ఉంది. ఆయన అక్కడ ఉన్నది పందొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు తేదీకి ముందు విక్రమ శకం తేదీ రావడంలో ఒక ఆత్మీయత ఉంది. పరాయివాణ్ణి అతిథిగా చూడటం ఒకటి, మన ఇంటి మనిషిగా సాగనంపడం ఒకటి. ఆ రాతి మీద రెండోది కనిపిస్తుంది. విగ్రహాలూ సభలూ ప్రముఖుల సందేశాలూ అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

నగ్గర్ రోరిక్‌ను ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటుంది. ఆ ప్రేమను తక్కువ చేయడానికి నేనిది రాయడం లేదు. నా బాధ వేరు. తలుచుకునే తీరులో మహర్షి ముందుకు వచ్చి చిత్రకారుడు వెనక్కి వెళ్ళిపోయారు. మహర్షిని తలుచుకోవడానికి దండా దీపమూ సరిపోతాయి. కొండల్ని గీసిన మనిషిని తలుచుకోవాలంటే ఆ కొండలు ఎలా ఉన్నాయో తలెత్తి చూడక తప్పదు. అప్పుడు ఊరి మీద, ప్రభుత్వం మీద, సెలవులకు అక్కడికి వెళ్ళే మనలాంటి వాళ్ళ మీద ఒక బాధ్యత పడుతుంది. ఆ బాధ్యత పడకుండా జరిగే వేడుక ఎంత ఘనంగా ఉన్నా సగమే అని నా వాదన.

అక్టోబరు 9 రోరిక్ పుట్టినరోజు. ఏటా ఆ రోజున రోరిక్ ఎస్టేటులో వేడుక జరుగుతుంది. రష్యా నుంచి అతిథులు వస్తారు. ఆడవాళ్ళు పట్టూ అనే రంగుల ఉన్ని వస్త్రం చుట్టుకుని, మగవాళ్ళు కుల్లూ టోపీలు పెట్టుకుని నాటీ నృత్యం చేస్తారు. పిల్లలు పాడతారు, బొమ్మలు వేస్తారు. 2024లో 150వ జయంతి వచ్చింది. అక్కడి స్మారక ట్రస్టు ఊరి పిల్లలకు చిత్రలేఖనం, సంగీతం, నాట్యం నేర్పిస్తోంది. నగ్గర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మామూలు రోజుల్లో ఎస్టేటు చూడటానికి వచ్చేవాళ్ళు ఏం చేస్తారో కూడా చెప్పాలి. రోరిక్ కుటుంబం ఉన్న రెండంతస్తుల ఇల్లు అలాగే ఉంది. పై గదుల్లోకి వెళ్ళనివ్వరు. వరండాలో నడుస్తూ అద్దాల్లోంచి మంచాలు, పుస్తకాలు, కుర్చీలు చూడాలి. పాత డాడ్జ్ కారు ఒకటి షెడ్డులో ఉంది. జనం ఎక్కువసేపు ఆగేది ఆ కారు దగ్గరే. కింది గదుల్లో చిత్రాలున్నాయి, వాటి ముందు నుంచి వరస కదులుతూనే ఉంటుంది. గదిలోంచి బయటికి రాగానే ఎదురుగా నిలబడే మంచు శిఖరాలను, లోపల ఇప్పుడే చూసిన నీలిరంగు బొమ్మలతో కలిపి చూడమని చెప్పే పలక ఒక్కటి కూడా నాకు కనబడలేదు. నా దృష్టిలో పెద్ద లోటు అది.

ఇంతకీ ఎవరీ రోరిక్? 1874లో పుట్టారు. న్యాయశాస్త్రమూ చిత్రకళా కలిపి చదివారు. పారిస్‌ను ఊపేసిన రష్యన్ బాలే ప్రదర్శనలకు తెరలూ దుస్తులూ రూపొందించారు. 1913లో స్ట్రావిన్‌స్కీ సంగీతంతో వచ్చి ప్రేక్షకుల మధ్య గొడవకు కారణమైన ‘వసంత ఆరాధన’ బాలేకు రంగాలంకరణ ఆయనదే. 1923 డిసెంబరులో భార్య హెలెనా, కొడుకులతో భారతదేశానికి వచ్చారు. 1925 నుంచి 1928 దాకా లడఖ్, చైనా తుర్కిస్తాన్, ఆల్తాయ్, మంగోలియా, టిబెట్ చుట్టి వచ్చారు. టిబెట్ పీఠభూమి మీద అధికారులు ముందుకు కదలనివ్వక, నడి చలికాలంలో గుడారాల్లో నెలల తరబడి చిక్కుకుపోయారు. ఆ ప్రయాణం ముగిసిన ఏడాదే నగ్గర్ చేరారు. తర్వాత 1934, 1935లలో మంచూరియా వైపు చేసిన యాత్ర మినహాయిస్తే, చివరిదాకా ఆయన ఇల్లు ఇదే.

ఆయన ఆధ్యాత్మిక బోధల మీదా, ఆ రోజుల్లో ఆయన నడిపిన రాజకీయ సంబంధాల మీదా వాదోపవాదాలు ఇప్పటికీ ఉన్నాయి. బ్రిటిష్ అధికారులు ఆయన్ని అనుమానంగానే చూశారు. అమెరికాలో మొదట నెత్తిన పెట్టుకున్నవాళ్ళే తర్వాత దూరం పెట్టారు. ఆయన్ని ఋషిగా నమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ ఆ విషయంలో ఏకాభిప్రాయం ఎప్పటికీ రాదు. చిత్రాల విషయంలో అలా కాదు, కళ్ళున్నవాళ్ళంతా అక్కడ కలుసుకోవచ్చు. ఊరు గట్టిగా పట్టుకోవలసిన కొస ఇదే అనుకుంటాను.

చిత్రాల సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. 1900ల మొదటి దశాబ్దంలోనే రోరిక్ తైలవర్ణాలను చాలావరకు వదిలేసి టెంపెరాకు, అంటే నూనెకు బదులు నీటిలో కలిసే జిగురుతో కలిపే రంగులకు మారారు. టెంపెరాలో నూనె మెరుపు ఉండదు. రంగు పొడిగా, సున్నం వేసిన గోడలాగా, కాంతిని మింగి కూర్చుంటుంది. నగ్గర్ ఏళ్ళలో ఆయన పెద్ద కాన్వాసులతో పాటు చిన్న కార్డుబోర్డు ముక్కల మీద వందల కొద్దీ హిమాలయ దృశ్యాలు వేశారు. వాటిలో చాలావాటి కొలత ఒకటే, 12 అంగుళాలు ఎత్తు, 18 అంగుళాలు వెడల్పు. రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకోగలిగినంత. ఆ కొంచెం చోటులోనే ఒక శిఖరం, దాని కింద మేఘం, ఆ కింద ఊదారంగు నీడలో వాలు. మనుషులు ఉంటే గోరంత ఉంటారు, చాలాసార్లు అసలు ఉండరు.

బొమ్మల్లోని ఆ నీలమూ ఊదా కల్పితమని చాలామంది అనుకుంటారు. వర్షాకాలం వెళ్ళాక, అక్టోబరులో సూర్యుడు పడమటి కొండ వెనక్కి దిగే సమయంలో నగ్గర్‌లో నిలబడితే ఆ అనుమానం తీరుతుంది. లోయంతా ముందే నీడలో మునిగిపోతుంది. పై శిఖరాలకు మాత్రం ఇంకా వెలుగు తగులుతుంటుంది. గాలిలో దుమ్ము తక్కువ కాబట్టి, మైదానాల్లో మాదిరిగా దూరపు కొండ మసకబారదు. దూరంగా ఉన్నదాని అంచు కూడా కత్తిరించినట్టు కనిపిస్తుంది. రోరిక్ చిత్రాల్లో దగ్గరి కొండా దూరపు కొండా ఒకే పదునుతో ఉండటానికి ఇదొక కారణం. భూమి చుట్టూ తిరిగి వచ్చిన యూరీ గగారిన్‌కు అంతరిక్షంలోంచి కనిపించిన రంగులు రోరిక్ కాన్వాసులను గుర్తుకు తెచ్చాయట.

ఆయన గీసింది మంచును మాత్రమే కాదు. ఇంటి ముందు దేవదారు కింద ఇప్పటికీ పాత రాతి విగ్రహాలు ఉన్నాయి. అందులో గుర్రమెక్కిన గూగా చౌహాన్ కొండ జనం కొలిచే వీరుడు, పాముకాటు నుంచి కాపాడే దేవుడు. 1931లో రోరిక్ ఆయన్ని బొమ్మలోకి తెచ్చారు. అంతకు ముందు ఏడాది వేసిన ఒక చిత్రంలో పూలు పూసిన చెట్టు కింద కృష్ణుడు వేణువు ఊదుతుంటాడు, వెనక మంచు కొండలుంటాయి. అది బృందావనం కాదు, కుల్లూలో వసంతం. ఊరి దేవుళ్ళు, ఊరి చెట్లు, ఊరి వాలులు అన్నీ ఆయనకు ఒకే వస్తువు. దేన్నీ విడదీసి చూడలేదు.

మరి ఆ చిత్రాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? పెద్ద కొడుకు యూరీ 1957లో స్వదేశానికి వెళ్తూ కొన్ని వందల చిత్రాలు తీసుకువెళ్ళారు. న్యూయార్కులో ఒక మ్యూజియం నిండా ఉన్నాయి. బెంగళూరు చిత్రకళా పరిషత్తులో, వారణాసి భారత్ కళా భవన్‌లో, అలహాబాద్ మ్యూజియంలో ఉన్నాయి. ఏడు వేల దాకా వేశారని చెప్పే మనిషికి, ఆయన ఇంట్లో మిగిలినవి కొన్ని పదులే. నగ్గర్‌ దగ్గర మిగిలింది మరొకటి. ఆ చిత్రాలకు ఎదురుగా నిలబడిన కొండ, నది, వాలు. వాటిని న్యూయార్కు తీసుకువెళ్ళలేదు, మాస్కో తీసుకువెళ్ళలేదు. చిత్రాన్ని పట్టుకుని వెళ్ళి అసలుతో పోల్చి చూసుకోగల చోటు ఈ లోకంలో ఈ లోయ ఒక్కటే.

1979లో భారత ప్రభుత్వం రోరిక్ చిత్రాలను జాతీయ కళా సంపదగా ప్రకటించింది. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, టాగూర్ కుటుంబ చిత్రకారులు, ఇలా చాలా కొద్దిమందికే ఆ గుర్తింపు ఉంది. 1972 నాటి చట్టం ప్రకారం మన దేశంలో ఉన్న రోరిక్ చిత్రాన్ని అమ్మకానికి దేశం దాటించడం నేరం. మంచి చట్టం. కానీ ఒక్కసారి ఆలోచించండి. కార్డుబోర్డు మీద అరచేయంత వాలుకు ఇంత కాపలా ఉంది. ఆ వాలు నిజంగా ఉన్న చోట పొక్లెయినర్ వచ్చి తొలిస్తే అడ్డుపడటానికి రోరిక్ పేరు ఎవరికీ ఉపయోగపడదు.

రోరిక్ జీవితంలో పెద్ద భాగం సరిగ్గా ఈ కాపలా గురించే గడిచింది. యుద్ధంలో ఆసుపత్రుల మీద ఎర్ర శిలువ గుర్తు ఉన్నట్టే, గుళ్ళ మీద, గ్రంథాలయాల మీద, మ్యూజియంల మీద ఒక జెండా ఎగరాలని, దాన్ని చూసి సైన్యాలు తప్పుకోవాలని ఆయన దేశదేశాలు తిరిగి వాదించారు. తెల్ల బట్ట మీద ఎర్రటి వలయం, అందులో మూడు ఎర్ర చుక్కలు. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్‌లో అమెరికా ఖండాలకు చెందిన 21 దేశాలు ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. యుద్ధకాలంలో సాంస్కృతిక సంపద రక్షణ కోసం 1954లో వచ్చిన హేగ్ ఒప్పందానికి అది ముందడుగు. నగ్గర్‌లో వేడుక జరిగినప్పుడు ఆ జెండా ఎగురుతుంది. ఆ ఒప్పందం యుద్ధకాలంతో పాటు శాంతికాలం గురించి కూడా మాట్లాడుతుందని వేదిక మీద ఎవరైనా గుర్తు చేస్తే బాగుంటుంది. కొండలకు నష్టం జరుగుతున్నది శాంతికాలంలోనే.

లోయలో ఏం జరుగుతున్నదో మనాలీ వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. కుడి గట్టున నాలుగు వరసల రోడ్డు కోసం కొండను నిలువుగా కోశారు. 2020 అక్టోబరులో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం లాహౌల్ ప్రజలకు చలికాలంలో బయటి ప్రపంచంతో దారి ఇచ్చింది, అది నిజంగా గొప్ప మేలు. దాంతోపాటే లోయలోకి వచ్చే కార్ల వరస ఎన్నో రెట్లు పెరిగింది, నది పక్కన హోటళ్ళు నదిలోకి జరిగాయి. 2023 జులై 9, 10 తేదీల్లో బియాస్ తన పాత దారిని వెతుక్కుంటూ వచ్చి రోడ్డును ముక్కలు ముక్కలుగా తీసుకుపోయింది. 2025 ఆగస్టు చివరిలో మళ్ళీ వచ్చింది. కుడి గట్టు రహదారి తెగినప్పుడు లోయకు దిక్కైంది నగ్గర్ మీదుగా వెళ్ళే ఎడమ గట్టు ఇరుకు దారి. దిక్కైనందుకు దానికి దొరికిన ప్రతిఫలం మరింత రద్దీ, దారి పొడవునా మరిన్ని కాంక్రీటు అంతస్తులు.

‘చిత్రకారుడు గీశాడని అడవిని కాపాడటం జరిగే పనేనా’ అని అడిగేవాళ్ళకు ఫ్రాన్సులోని బార్బిజోన్ జవాబు చెబుతుంది. పారిస్‌కు దగ్గర్లో ఫాంటెన్‌బ్లో అడవి అంచున ఉన్న చిన్న ఊరు అది. 19వ శతాబ్దంలో థియొడోర్ రూసో, మిలే లాంటి చిత్రకారులు అక్కడ కాపురం పెట్టి చెట్లనూ పొలాలనూ గీశారు. అటవీ శాఖ పాత ఓక్ చెట్లు కొట్టేసి పైన్ మొక్కలు నాటుతుంటే రూసో ఊరుకోలేదు. 1852లో మూడో నెపోలియన్‌కు విన్నపం పెట్టారు. మరుసటి ఏడాది 600 హెక్టార్లకు పైగా అడవిని నరికివేత నుంచి తప్పించారు. 1861లో వెలువడిన ఆదేశంతో అది 1,097 హెక్టార్లు అయింది. ఆ భాగానికి అధికారిక పత్రాల్లో పెట్టిన పేరులోనే కళ ఉంది. అమెరికాలో ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానం ఏర్పడటానికి పదకొండేళ్ళ ముందు మాట ఇది. బార్బిజోన్‌లో ఈరోజు రూసో ఇల్లు చూడవచ్చు, మిలే పనిచేసిన గది చూడవచ్చు. కానీ అడవి లేకపోతే ఆ గదులకు అర్థం ఏముంటుంది?

ఇంగ్లండులో కాన్‌స్టబుల్ 1821లో గీసిన గడ్డిబండి చిత్రంలోని ఇల్లు ఫ్లాట్‌ఫర్డ్‌లో ఇంకా అలాగే ఉంది. చుట్టుపక్కల లోయకు 1970 నుంచి ప్రకృతి సౌందర్య ప్రాంతంగా రక్షణ ఉంది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదనకు విలువ ఉండదు. బొమ్మలో అందంగా ఉండాలని ఊరు పేదగా ఉండాలా? నగ్గర్‌లో మేం దిగిన ఇంటి యజమానురాలు, యాపిల్ తోట ఉన్న పెద్దావిడ, ఈ సంగతి చాలా సూటిగా అడిగారు. పాత కర్ర ఇళ్ళు ఎంత బాగున్నాయో అని మేం మురిసిపోతుంటే, అలాంటిది ఇప్పుడు కట్టుకోవాలంటే దేవదారు ఎక్కణ్ణించి తేవాలని ఆవిడ ప్రశ్న. అడవి నుంచి ఇంటి కలప తెచ్చుకునే హక్కు ఇక్కడి రైతులకు బ్రిటిష్ కాలం నుంచి ఉంది. ఇప్పుడు దాని మీద పరిమితులు, ఎదురుచూపులు. బజారులో కొనాలంటే ధర అందదు. అది పేర్చే పనివాళ్ళు తగ్గిపోయారు. సిమెంటు మాత్రం లారీలో ఇంటి ముందుకే వస్తుంది. ఆవిడ కోడలు కొత్త గదులు సిమెంటుతోనే కట్టించింది, వచ్చే అద్దెతో పిల్లలు చదువుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? అంత దూరం నుంచి వెళ్ళి వేడినీళ్ళ స్నానాల గది కావాలని అడిగేది మనమే కదా.

అయితే ఆ పాత ఇంటి పద్ధతి అందం కోసం పుట్టింది కాదు. కాఠ్‌కునీ అంటారు దాన్ని. జంట దేవదారు దూలాల వరస, దాని మీద సున్నమూ సిమెంటూ లేని రాళ్ళ వరస, మళ్ళీ దూలాలు. పైకప్పుకు నల్ల పలకరాళ్ళు. కింది అంతస్తులో పశువులు, పైన మనుషులు. భూమి కంపిస్తే రాళ్ళూ దూలాలూ ఒకదాని మీద ఒకటి కొద్దిగా జరిగి మళ్ళీ సర్దుకుంటాయి, గోడ ఒక్కసారిగా విరిగిపడదు. 1905 ఏప్రిల్ 4న కాంగ్డా భూకంపంలో సుమారు 20,000 మంది చనిపోయారు. అదే పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట ఆ కుదుపును తట్టుకుని ఈరోజుకీ నిలబడి ఉంది. ఒకప్పుడు కుల్లూ రాజుల రాజధాని అయిన ఈ ఊరికి ఆ కోటే పాఠం. నదికి ఎంత దూరంలో కట్టాలి, ఏ వాలును కదిలించకూడదు అన్నదాంట్లో కూడా పాతవాళ్ళ తెలివి ఇలాంటిదే. రోరిక్ చిత్రాల్లో ఊళ్ళు నది ఒడ్డున కాక పై మెట్ల మీద కనిపిస్తాయి. అవి అలా ఉండటం వల్లే అన్నేళ్ళు బతికాయి. చిత్రకారుడి దృశ్యాన్ని కాపాడటం, ఊరివాళ్ళ ప్రాణాలను కాపాడటం ఇక్కడ ఒకటే పని. పేదరికం దాకా వెళ్ళనక్కర లేదు.

పైగా ఈ పని నగ్గర్‌కు కొత్తగా నేర్పవలసిన అవసరం కూడా లేదు. కోట ఆవరణలో జగతీ పట్ అనే చిన్న మందిరం ఉంది, అందులో ఒక రాతి పలక. లోయకు పెద్ద ఆపద వచ్చినప్పుడు ఊళ్ళ దేవతలు పల్లకీల మీద అక్కడికి వస్తారు, గూర్ అని పిలిచే పూనకం వచ్చే పూజారుల నోట తమ తీర్పు చెబుతారు. కుల్లూ కొండల మీద ఒక భారీ స్కీ విహార కేంద్రం కడతామని ఒక విదేశీ పెట్టుబడి ప్రతిపాదన వచ్చింది. 2006 ఫిబ్రవరిలో నగ్గర్‌లో దేవతల సభ జరిగింది. దేవతలు వద్దన్నారు. న్యాయస్థానాలూ ప్రభుత్వమూ తమ లెక్కలు తాము చూసుకున్నాయి, చివరికి ఆ ప్రాజెక్టు రాలేదు. దేవత నోట వచ్చిన మాటను నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు. నాకు ముఖ్యం అనిపించింది, ఒక లోయ ప్రజలు తమ కొండ గురించి నలుగురిలో కూర్చుని నిర్ణయం తీసుకునే ఏర్పాటును శతాబ్దాలుగా నిలుపుకున్నారన్నది. రోరిక్ గీసిన దేవుళ్ళు వీళ్ళే. ఆ సభకూ అక్టోబరు వేడుకకూ మధ్య ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. ఉండాలి.

మన వైపు నుంచి ఒక మాట. రోరిక్ చిన్నకొడుకు స్వెతోస్లావ్ కూడా చిత్రకారుడే, 1942లో కూతురు ఇందిరతో కలిసి నగ్గర్ వచ్చిన నెహ్రూ బొమ్మ గీసిన మనిషి. 1945లో ఆయన పెళ్ళాడిన దేవికా రాణి మన విశాఖపట్నంలో, వాల్తేరులో, 1908లో పుట్టారు. బెంగాలీ కుటుంబం, కాబట్టి పుట్టుక వరకే మనం చెప్పుకోగలం. అయినా హిందీ సినిమా తొలి మహాతారల్లో ఒకరైన ఆవిడ పరిశ్రమను వదిలి అత్తవారింటికి వచ్చింది ఈ లోయకే. తర్వాత దంపతులు బెంగళూరు దగ్గర తాతగునిలో 450 ఎకరాలకు పైగా ఉన్న ఎస్టేటుకు మారారు. 1993లో ఆయన, 1994లో ఆవిడ వెళ్ళిపోయాక ఆ భూమి ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది, చివరికి కర్ణాటక ప్రభుత్వం చేతికి వచ్చింది. పేరున్నవాళ్ళ భూమికైనా ముందుగా ఒక కట్టుదిట్టం లేకపోతే ఏమవుతుందో తాతగుని చూపించింది. నగ్గర్ వాలులకు అలాంటి కట్టుదిట్టం ఇప్పటికీ లేదు.

ఏం చేయవచ్చో కూడా చెప్పకపోతే ఇదంతా ఫిర్యాదుగానే మిగిలిపోతుంది. రోరిక్ ఎస్టేటుకూ కోటకూ వచ్చే జనం ఇచ్చే టికెట్టు డబ్బులో ఒక వాటా ఊరి ఇళ్ళకు వెళ్ళాలి. కాఠ్‌కునీ పద్ధతిలో ఇల్లు బాగుచేసుకునే కుటుంబానికి అటవీ శాఖ దేవదారును ముందు వరసలో ఇవ్వాలి, ఆ నిధి నుంచి పనివాళ్ళ కూలి రావాలి. అప్పుడు ఆ పెద్దావిడ కోడలికి సిమెంటు తప్ప దారి లేదనే పరిస్థితి పోతుంది. బాగుచేసిన పాత ఇంటి గదికి, సిమెంటు గది కంటే ఎక్కువ అద్దె ఇవ్వడానికి మనం సిద్ధపడాలి. రోరిక్ ఏ చోటు నుంచి ఏ శిఖరాన్ని గీశారో గుర్తించగలిగినంత వరకు గుర్తించి, అక్కడ ఆ చిత్రం నకలు పెట్టాలి. ఆ చోటుకూ శిఖరానికీ మధ్య చూపును అడ్డుకునే కట్టడానికి పంచాయతీ అనుమతి ఇవ్వకూడదు. అన్ని చిత్రాలకూ ఇది కుదరదు. ఆయన ఫోటోగ్రాఫర్ కాదు, శిఖరాలను తనకు కావలసినట్టు సర్దుకున్నవి చాలా ఉన్నాయి. కుదిరిన కొన్నిటితో మొదలుపెట్టినా చాలు.

మనాలీ బస్సుల్లో వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక సూచన. చాలా బస్సులు కుడి గట్టునే వెళ్ళిపోతాయి. పత్లీకుహల్ దగ్గర దిగి వంతెన దాటితే నగ్గర్ కొద్ది కిలోమీటర్లే. మంచులో ఆడుకునే హడావుడిలో ఒక పూట తగ్గించుకుని, ఇక్కడ రాత్రి బస చేయండి. నది పక్కన కట్టిన హోటలు వద్దు, పై ఊరిలో ఎవరి ఇంట్లోనైనా అడగండి. వర్షాలు ఆగిన అక్టోబరు మంచి కాలం.

ఇక పిల్లల సంగతి. ట్రస్టు నేర్పే తరగతుల్లో ఊరి పిల్లలు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. రోరిక్ పుట్టినరోజున వాళ్ళందరినీ ఒకే చోట, ఏటా అదే రాతి దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా కనిపించే కొండను గీయించాలి. పోటీ వద్దు, బహుమతులు వద్దు. వెనక తేదీ, గీసినవాళ్ళ వయసు రాసి పంచాయతీ గదిలో దాచాలి. ఏటేటా అవి పోగుపడుతుంటే మంచు ఎంత పైకి జరిగిందో, ఏ వాలు మీద ఏ సంవత్సరం తవ్వకం మొదలైందో, ఏ దేవదారు గుంపు మాయమైందో ఊరే చదువుకోగలదు. అభ్యంతరం చెప్పవలసి వస్తే, దేవతల సభలోనైనా కోర్టులోనైనా, ఆ కట్ట తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. 12 అంగుళాలు, 18 అంగుళాలు కొలతలో కార్డుబోర్డు, కొన్ని రంగులు. ఈ అక్టోబరు 9నే మొదలుపెట్టవచ్చు.